పాత బట్ట చెప్పే చరిత్ర

విద్యార్థులారా, మీ ఇంట్లో అమ్మమ్మ కుట్టిన బొంత ఉంటే ఒకసారి దాని అంచు దగ్గర పరిశీలించండి. లోపల రెండు మూడు పాత చీరల పొరలు, బహుశా ఒక పంచె ముక్క కనిపిస్తాయి. చారిత్రక ఆధారాలంటే మనకు శాసనాలు, నాణేలే గుర్తుకొస్తాయి. బొంత కూడా ఒక ఆధారమే. ఒకప్పుడు బట్ట ఎంత విలువైనదో అది చెబుతుంది.

ఆ విలువ తెలియాలంటే చిన్న లెక్క వేద్దాం. ఐదున్నర మీటర్ల పొడవు, 45 అంగుళాల వెడల్పు గల నూలు చీర తీసుకోండి. అంగుళానికి 50 పోగుల చొప్పున పడుగు, పేక కలిపితే దాదాపు 25 కిలోమీటర్ల నూలు అవుతుంది. చేతి రాట్నం మీద గంటకు 300 మీటర్లు తీసినా, వడకడానికే 80 గంటలు దాటుతుంది. పత్తి ఏకడం, నేయడం దీనికి అదనం. ఇంత శ్రమతో తయారైన బట్టను చిరిగిందని ఎవరు పారేస్తారు?

బౌద్ధుల వినయపిటకంలోని చుల్లవగ్గలో దీనికి చక్కని సాక్ష్యం ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు బుద్ధుని శిష్యుడు ఆనందుడికి 500 వస్త్రాలు దానం చేశారు. సన్యాసికి ఇన్నెందుకని రాజు నిలదీశాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకు పంచుతానని ఆనందుడు చెప్పాడు. మరి ఆ పాతవి? పైన పరిచే దుప్పట్లవుతాయి. అవి పాతబడితే పరుపు గలీబులు, తర్వాత నేలమీది పరుపులు, ఆ తర్వాత కాళ్లు తుడుచుకునే గుడ్డలు, దుమ్ము దులిపే గుడ్డలు. చివరికి ముక్కలు చేసి, మట్టిలో కలిపి నేలకు మెత్తుతారు. రాజు తృప్తిపడి మరో 500 వస్త్రాలు ఇచ్చాడట!

ఇలా పాత బట్టను మళ్లీ వాడుకోవడం దేశమంతటా ఉన్నదే. దాన్ని కళగా మలచడంలో బెంగాల్ స్త్రీలకు ప్రత్యేక స్థానం ఉంది. వారు కుట్టే బొంత పేరు కాంథా. సంస్కృతంలో 'కంథ' అంటే అతుకుల బట్ట. మెత్తబడిన చీరలను, ధోతీలను పొరలుగా పరచి, సూదిని పైకీ కిందికీ దూరుస్తూ తిన్నగా కుట్టుకుపోతారు. దారం కూడా కొన్నది కాదు, పాత చీర అంచుల నుంచి లాగినదే. పొరల మధ్య చిక్కుకున్న గాలి వేడిని త్వరగా బయటకు పోనివ్వదు. పలుచని పాత బట్టలు కలిసి చలిని ఆపే రహస్యం ఇదే.

పాత కాంథాల్లో చాలావాటిని ఎవరు కుట్టారో తెలియదు. అందుకే కోల్‌కతా సమీపంలోని జోకాలో, గురుసదయ్ దత్ (1882–1941) సేకరణల మ్యూజియానికి చెందిన ఒక కాంథా ముఖ్యమైనది. 19వ శతాబ్దానికి చెందిన మానదాసుందరి అనే స్త్రీ దాన్ని తండ్రి కోసం కుట్టి, ఆ సంగతిని తన పేరుతో సహా దానిమీదే అక్షరాలుగా కుట్టింది. చదువు చాలామంది ఆడవారికి అందని రోజుల్లో ఇది సామాన్యం కాదు.

20వ శతాబ్దంలో మిల్లు బట్ట చవకైంది. పాత బట్టలు స్టీలు గిన్నెలకు మారకం వెళ్లాయి. మన ఊళ్లలోనూ ఆ బేరాలు పెద్దలకు గుర్తే. కాంథా ఆగిపోలేదు గాని, అమ్మకానికి కుట్టేది ఎక్కువగా కొత్త బట్ట మీదే. బీహార్‌లోని భుసురా గ్రామంలో 1988 నుంచి స్త్రీలు ఇలాంటి 'సుజని' పనిని ఉపాధిగా చేపట్టి, వరకట్నం వంటి సమస్యలను కూడా బొమ్మలుగా కుట్టారు. పాత చీర పోయిందని నొచ్చుకునేవారున్నారు. కుట్టిన చేతికి కూలి దక్కడం అంతకన్నా పెద్ద సంగతని నా అభిప్రాయం.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ మధ్య మా ఇంట్లో పాలియెస్టర్ చీరలతో బొంత కుట్టించాం. చెమట పీల్చదు, కప్పుకుంటే జారిపోతుంది. విప్పి తుడుపు గుడ్డలు చేద్దామంటే నీళ్లూ సరిగా పీల్చలేదు. మూటకట్టి అటక మీద పెట్టాం.