మౌసు చక్రం

మౌసు చక్రం లేదా స్క్రోల్ వీల్ అనగా కంప్యూటరు మౌసు మీద ఎడమ, కుడి మీటల నడుమ అమర్చిన చిన్న చక్రం. దీనిని వేలితో త్రిప్పి తెరమీది పుటను పైకి, క్రిందికి జరుపవచ్చును. 1996లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన ఇంటెల్లీమౌస్ ద్వారా ఇది విస్తృత ప్రచారంలోకి వచ్చింది. చక్రం తిరిగినంత మాత్రాన పుట కదలదు. మౌసు పంపే సమాచారమూ, కంప్యూటరు ఎదురుచూచే సమాచారమూ ఒకే పద్ధతిలో ఉండాలి. ఈ పొత్తు కుదరనప్పుడు బాగున్న మౌసు కూడా చెడిపోయినట్లు కనబడుతుంది. 2000ల ప్రారంభంలో లినక్సు వాడుకరులకు ఇది తరచుగా ఎదురైన సమస్య.

పనిచేసే విధానం

చక్రం ఇరుసు వద్ద ఎన్‌కోడర్ అనే భాగం ఉంటుంది. చక్రం తిరిగినప్పుడు ఇది రెండు విద్యుత్ సంకేతాలను ఇస్తుంది. వాటిలో ఏది ముందుగా మారిందో దానిని బట్టి చక్రం ఏ దిశలో తిరిగినదీ తెలుస్తుంది. చక్రాన్ని నొక్కినప్పుడు పనిచేసే నడిమి మీట వేరొక స్విచ్చి. కాబట్టి నొక్కుడు పనిచేసినంత మాత్రాన చక్రం బాగున్నదని గాని, అది పనిచేయనంత మాత్రాన చక్రం చెడినదని గాని నిర్ణయించరాదు.

పీఎస్/2 ఒప్పందం

పీఎస్/2 మౌసు ప్రతి కదలికకూ మూడు బైట్ల సమాచారం పంపుతుంది. మొదటి బైటులో మీటల స్థితి, మిగిలిన రెండింటిలో అడ్డు, నిలువు కదలికలు ఉంటాయి. చక్రానికి ఇందులో చోటు లేదు. అందుకని నాలుగవ బైటును చేర్చారు. అయితే పాత కంప్యూటర్లు తికమకపడకుండా, చక్రమున్న మౌసు కూడా మొదట మూడు బైట్లనే పంపుతుంది.

కంప్యూటరు మౌసు వేగాన్ని, అనగా అది సెకనుకు ఎన్నిమార్లు సమాచారం పంపవలెనో ఆ సంఖ్యను, వరుసగా 200, 100, 80గా మార్చి, ఆపై గుర్తింపు సంఖ్య అడుగుతుంది. సాధారణ మౌసు 0 అని, చక్రమున్న మౌసు 3 అని బదులిస్తుంది. ఆ తరువాతనే నాలుగు బైట్లు మొదలవుతాయి. పాత మౌసుకు ఈ మూడు ఆదేశాలూ మామూలువే కనుక దానికి ఇబ్బంది లేదు.

ఒక మౌసును రెండు కంప్యూటర్లకు పంచే స్విచ్చి వాడినప్పుడు ఈ ఒప్పందం చెడవచ్చును. మౌసు మూడు బైట్లు పంపుతుండగా కంప్యూటరు నాలుగేసి లెక్కిస్తే, బాణపు గుర్తు తెరపై ఇష్టానుసారం గెంతుతుంది. నొక్కని మీటలు నొక్కినట్లు నమోదవుతాయి.

లినక్సులో అమరిక

ఎక్స్ విండో వ్యవస్థ మూల నిబంధనలలో చక్రం అనే భావన లేదు. అందుచేత చక్రం ముందుకు ఒక మెట్టు తిరిగితే 4వ మీట, వెనుకకు తిరిగితే 5వ మీట నొక్కినట్లు పరిగణిస్తారు. ఎక్స్‌ఫ్రీ86 వాడుకలో ఉన్న కాలంలో వాడుకరి అమరిక దస్త్రాన్ని తెరచి, మౌసుకు సంబంధించిన విభాగంలో ఈ రెండు మార్పులు చేయవలసి వచ్చేది:

* ప్రోటోకాల్ అన్నచోట "పీఎస్/2"కు బదులు "ఐఎంపీఎస్/2" అని వ్రాయడం
* జడ్‌యాక్సిస్‌మ్యాపింగ్ అన్నచోట "4 5" అని వ్రాయడం

మొదటి మార్పు చేయకపోతే బాణపు గుర్తు, మీటలు చక్కగా పనిచేసేవి గాని చక్రం మాత్రం పలికేది కాదు. అందువలననే లోపం మౌసులో ఉన్నదని పలువురు పొరబడేవారు.

తరువాతి మార్పులు

2003 డిసెంబరులో వెలువడిన లినక్సు కెర్నల్ 2.6లో మౌసును గుర్తించే పని కెర్నలే చేపట్టింది. 2010లో వచ్చిన ఎక్స్ సర్వర్ 1.8 నుండి యూడెవ్ ద్వారా ఉపకరణాలను గుర్తించే ఏర్పాటు కలిగింది. యూఎస్‌బీ మౌసు తనకు చక్రమున్న సంగతిని తానే వివరిస్తుంది గనుక 200, 100, 80 వరుస దానికి అవసరం లేదు.

లోపాన్ని గుర్తించడం

ఎక్స్ విండో వ్యవస్థలో ఎక్స్ఈవీ అనే చిన్న ప్రోగ్రాము నడిపి, దాని కిటికీలో చక్రాన్ని త్రిప్పి చూడాలి.

* 4, 5 మీటలు సక్రమంగా కనబడితే మౌసు, అమరిక రెండూ సరైనవే. లోపం వాడుతున్న ప్రోగ్రాములో ఉండవచ్చును.
* ఒకే దిశలో త్రిప్పినా రెండు సంఖ్యలూ కలగలిసి వస్తే ఎన్‌కోడర్‌లో దుమ్ము చేరి గాని, అది అరిగిపోయి గాని ఉండవచ్చును.
* ఏమీ కనబడకపోతే ఆ మౌసును వేరొక కంప్యూటరుకు తగిలించి చూడాలి. అక్కడ పనిచేస్తే మార్చవలసినది మౌసు కాదు, అమరిక. పీఎస్/2 మౌసును తగిలించే ముందు, తీసే ముందు కంప్యూటరును ఆపివేయాలి.

ఇవి కూడా చూడండి

* మౌసు
* లినక్సు
* ఎక్స్ విండో వ్యవస్థ