చెప్పకపోవడమూ నేరమే

గెడ్డలో చేపమందు కలిపితే కింది ఊరికి ముందు కబురు పెట్టాలి. ఈ పూట పశువుల్ని నీటికి తోలకండి, బిందెలు ముంచకండి అని చెప్పాలి. ఇది మాకు ఎవరూ కాగితం మీద రాసిచ్చిన మాట కాదు. నీరు కిందికే పోతుంది, కింద ఉన్నదీ మనుషులే. అంతే.

తెల్లవాళ్ల ప్రభుత్వం 1897లో మత్స్య చట్టం తెచ్చింది. చేపల కోసం నీటిలో విషం కలిపినవాడికి 2 నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా అంది. నీటిని పాడుచేయడం తప్పేనని మేమూ ఒప్పుకుంటాం. కానీ ఫ్యాక్టరీ నుంచి విషం నదిలో పడితే వెంటనే చెప్పి తీరాలన్న మాట 1974 నీటి చట్టం దాకా రాలేదు. ప్రమాదం జరిగినా కాలుష్య నియంత్రణ మండలికి చెప్పనివాడికి 3 నెలల వరకు జైలు అని అందులో రాశారు. చెప్పకపోవడం కూడా నేరమేనని ఒప్పుకోవడానికి 77 ఏళ్లు పట్టింది.

తరవాత భోపాల్ వచ్చింది. 1984 డిసెంబరు 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు బస్తీల మీద పడింది. జనం పీల్చింది ఏమిటో, దానికి మందేమిటో డాక్టర్లకే సరిగా తెలియలేదు. తడిబట్ట ముఖానికి కట్టుకోండని చెప్పే దిక్కు లేదు. వేలమంది చనిపోయారు. గ్యాసుతోపాటు ఆ మౌనం కూడా వాళ్లను చంపింది.

ఆ చావుల మీదే మన చట్టాలు పుట్టాయి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, ప్రమాదంలో విషం బయటపడితే అధికారులకు వెంటనే తెలపాలంది. చట్టాన్ని మీరితే 5 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, లోపల ఏ ప్రమాదకర పదార్థం ఉందో కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ చెప్పాలన్నారు. మీరితే 7 ఏళ్ల వరకు జైలు అని అప్పట్లో రాశారు. 1989 నియమాలు పెద్ద ప్రమాదం జరిగిన 48 గంటల్లోగా నివేదించాలన్నాయి. ప్రమాదం వస్తే ఏం చేయాలో ఊరివాళ్లకు ముందే నేర్పాలని కూడా అన్నాయి.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది, కానీ మోగించలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీయే ఈ మాట తేల్చింది. నిద్రలో ఉన్నవాళ్లను లేపింది కళ్లమంట, ఊపిరాడకపోవడం.

ఆ తరవాతైనా శిక్ష పెరుగుతుందనుకున్నాం. 2023లో పార్లమెంటు జన విశ్వాస్ చట్టం చేసింది. పర్యావరణ చట్టాన్ని మీరితే ఉన్న జైలు శిక్షను తీసేసి లక్షల్లో జరిమానా పెట్టింది. ఆ జరిమానా కట్టకపోతేనే జైలు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇదే అమలులో ఉంది. కేసులు కోర్టుల్లో ఏళ్లూపూళ్లూ నలిగే బదులు జరిమానా త్వరగా వసూలవుతుందని సమర్థించేవాళ్లు అంటారు. కావచ్చు. కానీ కోట్ల వ్యాపారానికి జరిమానా ఒక ఖర్చు. ఖాతాలో రాసుకుని మరిచిపోతుంది. జైలును అలా ఖాతాలో రాసుకోలేరు.

ఇది మాకు దూరపు సంగతి కాదు. మా పిల్లలు కొండ దిగి విశాఖ చుట్టుపక్కల, రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలకు పనికి పోతున్నారు. అందుకే మేం ముందు అడగాల్సినవి ఇవి. లోపల ఏ మందు ఉంది? సైరన్ ఎక్కడుంది? అది మోగితే ఎటు పరుగెత్తాలి? ఈ మూడింటికి జవాబు చెప్పడం వాళ్ల దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత.

కింది ఊరికి కబురు పెట్టాలని మాకు తెలుసు. పైనున్నవాళ్ల చేత ఆ కబురు పెట్టించడమే ఇప్పుడు మన పని.