పోటీకి ముందు పోటు

లాక్‌డౌన్ కాలంలో తిరుపతిలో మా ఇంటి మిద్దెమీది గదిలో కూచుని పగలు కోడ్ రాస్తూ, రాత్రిళ్ళు ఒక జపాన్ యానిమే చూసేవాణ్ణి. పేరు ‘షొకుగెకి నో సోమ’. యూతో త్సుకుదా రాయగా షున్ సయెకి బొమ్మలు వేసిన మాంగా దీనికి మూలం. 2012 నుంచి 2019 దాకా ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో వచ్చింది. కథంతా తోత్సుకి అనే వంటల విద్యాలయం చుట్టూ తిరుగుతుంది. చేరినవాళ్ళలో నూటికి పదిమంది కూడా పట్టా పుచ్చుకుని బయటపడని చోటు అది. విద్యార్థుల మధ్య తగవొస్తే గరిటెలతోనే తేల్చుకోవాలి. ఓడినవాడు పందెంలో ఒడ్డినది వదులుకోవాలి, అది చదువే అయినా సరే.

ఆ కథలో నాకు బాగా నచ్చిన భాగం శరత్కాలపు పోటీ. అరవైమంది మొదటి ఏడాది విద్యార్థులు, ముప్ఫై మంది చొప్పున రెండు జట్లు, అందరికీ ఒకటే అంశం: కూర. జపాన్ వాళ్ళు ఇష్టంగా తినే, మన దేశం నుంచి ఇంగ్లండు మీదుగా వాళ్ళ దగ్గరికి చేరిన ‘కర్రీ’. కథానాయకుడు సోమా ఒక చిన్న పూటకూళ్ళ హోటలు నడిపేవాడి కొడుకు. అతన్ని ఒక్క మార్కు తేడాతో దాటిపోయినవాడు అకిరా హయామా. మురికివాడలో దిక్కులేకుండా పెరిగిన పిల్లవాడు. అతని గెలుపు రహస్యం చేప తలకాయ కూరలో వేసిన హోలీ బాసిల్, అంటే మన తులసి! తిరుపతిలో కూచుని ఆ మాట వింటే నవ్వొచ్చింది. కొంచెం ఆలోచన కూడా వచ్చింది.

ఆ ఆలోచనకు కారణం మా చిన్నాయన కొడుకు. చిత్తూరు దగ్గర పల్లెలో ఇంటర్ అయ్యాక హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానన్నాడు. మా అవ్వ “వంట చేసేదానికి గూడా సదువుకోవల్లా నాయినా?” అనింది. చిన్నాయన అయితే నాలుగు రోజులు వాడితో మాట్లాడలేదు. చదువు మధ్యలో వాడొక విద్యార్థుల వంటల పోటీకి పోయి రాగిసంగటి, ఊరుబిండి, పక్కన చింతచిగురు పప్పు పెట్టాడు. న్యాయనిర్ణేత రుచి చూసి, బాగుందని తలూపి, “ఇందులో నీ సొంతం ఏముంది?” అని అడిగాడట. వీడి దగ్గర జవాబు లేదు. బహుమతీ రాలేదు.

ఆ ప్రశ్న చాలాకాలం నన్ను వదల్లేదు. ఎందుకంటే మా ఊరి కొండమీద వందల ఏళ్ళుగా నడుస్తున్న ఒక వంటశాల ఉంది. అక్కడ ఆ ప్రశ్నకు అర్థమే లేదు. తిరుమల ఆలయ వంటశాలను ‘పోటు’ అంటారు. అక్కడ ఎవరి సొంతమూ ఏమీ ఉండకూడదు. నివేదనకు ముందు రుచి చూడకూడదు, వాసన కూడా పీల్చకూడదు. తోత్సుకిలో న్యాయనిర్ణేతలు వరసగా కూచుని ఒక్కో ముద్దకూ ఒళ్ళు మరిచిపోతుంటారు. పోటులో చూసేది ఒక్క వకుళమాత. స్వామికి తల్లి కాబట్టి వంట ఆమె కళ్ళముందే జరగాలని నమ్మకం. అందుకే ఆమెను ‘పోటు తాయారు’ అంటారు. రుచి చూడకుండా వండటం ఎంత కష్టమో వంట తెలిసిన ఎవరినైనా అడగండి. ఉప్పు చేతి లెక్కలో ఉండాలి, పాకం కంటి లెక్కలో ఉండాలి.

ఆ లెక్కలు ఎంత పాతవో శాసనాలు చెబుతాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పూనికతో వెలుగు చూసిన తిరుమల శాసనాల సంపుటాలు తిరగేస్తే, ఎక్కువ భాగం విజయనగర కాలానివి, తమిళంలో ఉన్నవి. మా వృత్తి భాషలో చెప్పాలంటే అవి అచ్చం స్పెసిఫికేషన్లు. ఇన్ని మరక్కాళ్ళ బియ్యం, ఇన్ని నాళుల నెయ్యి, ఇంత బెల్లం, మిరియాలు, పెరుగు, వక్కలు, తమలపాకులు. అప్పాలు, అతిరసాలు, సుఖియలు, మనోహరం. ఎక్కడా మిరపకాయ మాట లేదు. పోర్చుగీసువాళ్ళు తెచ్చేదాకా మనకు మిరప లేదు కదా. కొండమీద ఇచ్చే పెద్ద వడ ఈనాటికీ పొట్టుతీయని మినుములతో, మిరియాలతోనే ఉంటుంది. రుచుల విషయంలో పోటుకు జ్ఞాపకశక్తి ఎక్కువ.

ఆ శాసనాల్లో ఇంకో సంగతి ఉంది. బర్టన్ స్టీన్ అనే చరిత్రకారుడు 1960లో ఈ ఆలయ ఆర్థిక వ్యవస్థ మీద ఒక వ్యాసం రాశాడు. దాతలిచ్చిన సొమ్ముతో దేవస్థానం గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. దానివల్ల పెరిగిన పంటతో దాత పేరున రోజూ నైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో సాధారణంగా నాలుగో వంతు దాతకు వచ్చేది. దాన్ని అతను తినొచ్చు, ఎవరికైనా రాసివ్వొచ్చు. సాళువ నరసింహుడి కాలంలో కందాడై రామానుజ అయ్యంగార్ నడిపిన రామానుజకూటాల్లో యాత్రికులకు అన్నం పెట్టింది ఇలాంటి ఏర్పాట్లతోనే. అంటే ప్రసాదం ఒక హక్కు. ఎవరికెంత అన్నది రాతిమీద చెక్కినంత కచ్చితం. కానీ ఆ నైవేద్యానికి నిలిచిన పేరు దాతది, వండినవాడిది కాదు.

ఇప్పటి లడ్డూకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. దాన్ని ‘దిట్టం’ అంటారు. 1950లో ఖరారు చేసి, 2001లో సవరించారు. 5,100 లడ్లకు 180 కిలోల శనగపిండి, 400 కిలోల చక్కెర, 165 కిలోల ఆవునెయ్యి, 30 కిలోల జీడిపప్పు, 16 కిలోల ఎండుద్రాక్ష, 8 కిలోల కలకండ, 4 కిలోల యాలకులు. మొత్తం 803 కిలోలు. 2009లో ఈ లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోటీలో గెలవాలంటే నిన్నటికన్నా కొత్తగా ఉండాలి. పోటులో నెగ్గుకు రావాలంటే నిన్నటిలాగే ఉండాలి.

ఇక్కడిదాకా రాసి, ‘చూశారా, మన సంప్రదాయం ఎంత గొప్పదో’ అని ముగించొచ్చు. కానీ అసలు ప్రశ్న రుచి గురించి కాదు. పొయ్యి దగ్గర నిలబడే హక్కు ఎవరిది?

పోటులో ఆ హక్కు మిరాశీ. లడ్లు, వడలు చేసే గమేకార్లు, అర్చకుల్లాగే, వంశపారంపర్యంగా ఆ పని చేసేవారు. తండ్రి తర్వాత కొడుకు, ప్రసాదంలో వాటా. 1843 నుంచి 1933 దాకా మహంతుల పాలన నడిచింది, ఆ తర్వాత దేవస్థానం కమిటీ వచ్చింది. పైన యాజమాన్యాలు మారినా కింద మిరాశీ మారలేదు. మార్చింది ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం, 1987 నాటి 30వ చట్టం. దాని 34వ సెక్షను వంశపారంపర్య హక్కుల్ని రద్దు చేసింది. తగవు సుప్రీంకోర్టుకెక్కింది. 1996 మార్చిలో, నారాయణ దీక్షితులు కేసులో, కోర్టు చట్టాన్నే నిలబెట్టింది. పూజ చేయడం మతానికి సంబంధించినదే గానీ, ఆ పనికి మనిషిని నియమించడం లౌకికమైన విషయమని తేల్చింది. తోత్సుకిలో జరిగే ఏ పందెం కన్నా పెద్ద పందెం ఇది. ఇందులో ఓడినవాళ్ళు వదులుకున్నది తరాల జీవనాధారం. ఆ కుటుంబాల బాధ అబద్ధం కాదు. చేతి లెక్క తండ్రి దగ్గర నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు.

అదే 1987 జనవరిలో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పాల్ బొక్యూజ్ తన పేరుమీద ‘బొక్యూజ్ దోర్’ అనే వంటల పోటీ మొదలుపెట్టాడు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, తెలుసు. కానీ ఆ ఏడాది అక్కడ ‘ఎవరు బాగా వండుతారు?’ అని అడిగితే, ఇక్కడ ‘ఎవరికి పుట్టినవాడు వండాలి?’ అనే ప్రశ్నతో మనం కుస్తీ పడుతున్నాం. మొదటి ప్రశ్న అడగాలంటే రెండోది తేలి ఉండాలి. పోటీలంటే ఉన్న చిరాకులో నేను ఈ సంగతి మరిచిపోయాను. కొత్తదనం కోసం వెంపర్లాట, మార్కులు, చప్పట్లు ఎలా ఉన్నా, పోటీ వాకిట్లో ఇంటిపేరు అడగరు. కనీసం అడగకూడదు.

తోత్సుకిలో మాత్రం అడగలేదా అంటే, కొంచెం అడిగారు. పూటకూళ్ళవాడి కొడుకని మనం జాలిపడ్డ సోమా తండ్రి, ఒకప్పుడు అదే విద్యాలయంలో రెండో స్థానంలో నిలిచిన జోఇచిరో అని తర్వాత తెలుస్తుంది. కథకుడికి కూడా వారసత్వం లేని వీరుణ్ణి ఊహించడం కష్టమైందేమో. అందుకే ఆ శరత్కాలపు పోటీ మొత్తాన్ని చివరికి హయామా గెలవడం నాకు ఇష్టం.

మరి మా ఊళ్ళో? మిరాశీ పోయినా పోటులో పని సంప్రదాయం ప్రకారం శ్రీవైష్ణవ బ్రాహ్మణుల చేతుల్లోనే ఉంది. ఇంటిపేరు అడగడం మానేశాం, కులం అడగడం మానలేదు. ఇది గుడి ఆచారమని కొందరంటారు. ఆచారం నిజమే. మిరాశీ కూడా ఒకప్పుడు ఆచారమే.

కొండ కింద ఇదే తిరుపతిలో కేంద్ర పర్యాటక శాఖ పెట్టిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇంకొకటి నోయిడాలో ఉంది. పాకశాస్త్రంలో బీబీఏ, ఎంబీఏ చదువులు, అమర్‌కంటక్‌లోని ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం పట్టాలు. 2015 నుంచి మన దేశంలోనే ‘యంగ్ షెఫ్ ఒలింపియాడ్’ పేరుతో అంతర్జాతీయ విద్యార్థుల పోటీ జరుగుతోంది. వంట చేసేదానికి గూడా సదువుకోవల్లా అన్న మా అవ్వ ప్రశ్నకు ఇవే జవాబులు. ఆమె ఉన్నప్పుడు చెప్పడానికి నాకు తెలియలేదు.

తమ్ముడు ఇప్పుడు దూరదేశంలో ఒక హోటల్లో వంట చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు కొండకు పోయాం. దర్శనం అయ్యాక ఒక మూల కూచుని వాడు వడ తుంచి చాలాసేపు చూశాడు. నూనెలో ఎంతసేపు ఉంచారో, పిండి ఎంత గట్టిగా రుబ్బారో లెక్కేసుకుంటున్నాడు. “ఇది ప్రతిరోజూ ఇట్లే చేయడం ఉంది చూడన్నా, అది నావల్ల కాదు” అన్నాడు. కాసేపాగి అడిగాడు: “ఒకసారి పోటు లోపలికి పోయి చూడచ్చునా?”

కుదరదని చెప్పాను. వాడు తలూపి, మిగిలిన వడను పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు.