క్షిపణి పడవలు

శత్రు నౌకలను ముంచే క్షిపణులు మోస్తూ తీరజలాల్లో పోరాడే చిన్న, వేగవంతమైన యుద్ధనౌకలను క్షిపణి పడవలు లేదా మిస్సైల్ బోట్లు అంటారు. డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు వేల టన్నులు తూగితే ఇవి కొన్ని వందల టన్నులు దాటవు.

వీటికి పూర్వరూపం టార్పెడో పడవ. 1866లో రాబర్ట్ వైట్‌హెడ్ టార్పెడోను రూపొందించాక, ఖరీదైన పెద్ద నౌకను చవకైన పడవతో ముంచవచ్చన్న ఆశ ఫ్రాన్సులో ఒక సిద్ధాంతంగానే ఎదిగింది. ఆ పడవలకు విరుగుడుగా పుట్టిందే డిస్ట్రాయర్. 1918 జూన్ 10న ఇటలీ అధికారి లుయిజీ రిజ్జో ఇలాంటి పడవతోనే ఆస్ట్రియా-హంగరీ యుద్ధనౌక సెంట్ ఇస్త్వాన్‌ను ముంచాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవి రాత్రిపూట ఇరుకు జలాల్లో సరుకు ఓడలను వేటాడాయి.

1950ల చివర్లో సోవియట్ యూనియన్ టార్పెడో పడవ మీద రెండు పీ-15 క్షిపణులు అమర్చి కోమార్‌ను తయారు చేసింది. తర్వాత వచ్చిన ఓసా నాలుగు క్షిపణులు మోసేది. 1967 అక్టోబరు 21న ఈజిప్టు కోమార్లు పోర్ట్ సయీద్ నుంచి క్షిపణులు వదిలి ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ఐలాత్‌ను ముంచాయి. ఆ ఒక్క సంఘటనతో నౌకాదళాలన్నీ ఉలిక్కిపడ్డాయి.

భారత్ తెప్పించుకున్న ఎనిమిది ఓసాలు 1971 తొలి నెలల్లో చేరాయి. అంత బరువు ఎత్తే క్రేన్ బొంబాయిలో లేకపోవడంతో వాటిని కలకత్తాలో దించి, పెద్ద నౌకలకు కట్టి సముద్రం మీద లాక్కుంటూ పడమటి తీరానికి చేర్చారు. వాటి అసలు పని హార్బర్ కాపలా. వాటిని దాడి ఆయుధంగా మార్చి పాకిస్తాన్ రేవు కరాచీ మీదికి పంపాలన్న ఆలోచనను నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందా గట్టిగా సమర్థించారు.

1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో డిసెంబరు 4 రాత్రి కమాండర్ బబ్రూభాన్ యాదవ్ నాయకత్వంలో నిపాత్, నిర్ఘాత్, వీర్ బయల్దేరాయి. వెంట కిల్తాన్, కచ్చాల్ నౌకలు నడిచాయి. పడవల్లో జలాంతర్గాములను పసిగట్టే సోనార్ లేదు, వాటిని కొట్టే ఆయుధమూ లేదు. ఆ లోటు తీర్చింది ఈ రెండు నౌకలే. తిరుగు ప్రయాణానికి ఇంధనం కోసం పోషక్ అనే ట్యాంకర్‌ను సిద్ధంగా ఉంచారు. నిర్ఘాత్ క్షిపణులు పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ను ముంచాయి. ఆకాశంలో దూసుకొస్తున్న వెలుగును ఖైబర్ సిబ్బంది విమానమనుకుని, విమాన దాడి జరిగిందనే కబురంపారు. నిపాత్ వీనస్ ఛాలెంజర్ అనే సరుకు ఓడను, వీర్ మందుపాతర్లు తొలగించే ముహాఫిజ్‌ను ముంచాయి. ఆ భయం ఎంతటిదంటే, రెండు రోజుల తర్వాత పాకిస్తాన్ విమానాలు తమ సొంత ఫ్రిగేట్ జుల్ఫికర్‌నే క్షిపణి పడవ అనుకుని కాల్చాయి. 8వ తేదీ రాత్రి వినాశ్ ఒక్కటే తల్వార్, త్రిశూల్ ఫ్రిగేట్ల తోడుతో వెళ్లి నాలుగు క్షిపణులూ ప్రయోగించింది. కరాచీలోని కియామరీ చమురు ట్యాంకులు తగలబడ్డాయి. డిసెంబరు 4ను నౌకాదళ దినోత్సవంగా జరుపుకోవడానికి కారణం ఆ మొదటి రాత్రి దాడే. ఇది సాహసోపేతమైన ప్రణాళిక. అయితే గెలుపులో సగం తోడు నౌకలది.

పడవల లోపాలు కూడా ఇక్కడే బయటపడతాయి. డెక్కును దాదాపు నింపేసే నాలుగు క్షిపణి గూళ్లు ఖాళీ అయితే మళ్లీ రేవుకు రావలసిందే. ఇంధనం తక్కువ, అలలు లేస్తే వేగం పడిపోతుంది. రాడార్ స్తంభం ఎత్తు తక్కువ కావడంతో దూరపు లక్ష్యాన్ని మరొకరు చూసి చెప్పాలి. పడవ దేహం పలుచన, సిబ్బంది కొద్దిమంది, దెబ్బ తగిలితే తట్టుకోవడం కష్టం. 1973 అక్టోబరు 7న లటాకియా దగ్గర ఇజ్రాయెల్ పడవలు రాడార్లను మోసగించి, తమకన్నా ఎక్కువ దూరం కొట్టే క్షిపణులున్న సిరియా పడవలను ముంచేశాయి. అన్నిటికన్నా పెద్ద గండం గగనతలం నుంచి. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధంలో బ్రిటిష్ లింక్స్ హెలికాప్టర్లు ఇరాక్ పడవలను ఒక్కొక్కటిగా ఏరి పడేశాయి. హెలికాప్టర్‌ను ఆపడానికి పడవల దగ్గర తగిన ఆయుధమే లేకపోయింది.

కాబట్టి వీటిని మహాసముద్రంలో నౌకాదళానికి వెన్నెముకగా చూడటం తప్పు. సొంత విమానాల నీడలో, దీవులూ మలుపులూ ఉన్న జలాల్లో, రాత్రివేళ మాటువేసి కొట్టి తప్పుకునే పనికి ఇవి బాగా పనికొస్తాయి. శాంతికాలంలో తీరగస్తీకి క్షిపణులు లేని తేలికపాటి పడవలే చాలు. 2016లో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన తార్ముగ్లి, తిహాయు ఇలాంటి వాటర్‌జెట్ పడవలే.

ఓసాల తర్వాత భారత్ వాటికన్నా పెద్దవైన వీర్ తరగతి కార్వెట్లను తెచ్చుకుంది. వాటిలో ప్రహార్ 2006 ఏప్రిల్‌లో గోవా సమీపంలో సరుకు ఓడతో ఢీకొని మునిగింది. వీర్ తరగతికి మూలమైన సోవియట్ నమూనాకే చెందిన రష్యా నౌక ఇవనోవెత్స్‌ను 2024 ఫిబ్రవరి ఆరంభంలో క్రిమియా తీరంలో ఉక్రెయిన్ మానవరహిత పడవలు ముంచాయి.