కుంచించుకుపోయిన రాజ్యం: డెన్మార్క్‌లో ఒక చారిత్రక యాత్రకు దారి

డెన్మార్క్ చూడబోయేవారిలో అధికులు కోపెన్‌హాగెన్‌ను మాత్రమే చూసి వస్తారు, అదీ రెండు రోజుల్లో. 1913లో రేవు ఒడ్డున బండరాతి మీద నిలిపిన మత్స్యకన్య విగ్రహం, రంగురంగుల ఇళ్ళ వరుసతో న్యూహావ్న్ కాలువ, 1843లో తెరిచిన టివోలీ ఉద్యానం ఆ రెండు రోజులకు సరిపోతాయి. మత్స్యకన్య సుమారు నాలుగడుగుల కంచుబొమ్మ కావడంతో "ఇంతేనా!" అనుకుని వెనుదిరిగేవారూ కద్దు. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథల దేశంగా, సైకిళ్ళ దేశంగా, సంక్షేమరాజ్యంగా డెన్మార్క్ లోకానికి పరిచితం. ఈ పరిచయంలో అబద్ధమేమీ లేదు. కానీ ఆ దేశం ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చిందో అది చెప్పదు.

చాలా దేశాలు తమ చరిత్రను విస్తరణ కథగా చెప్పుకుంటాయి. డెన్మార్క్‌ది అందుకు భిన్నంగా తరుగుదల కథ. 1397లో ఏర్పడిన కల్మార్ కూటమిలో డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడూ ఒకే సింహాసనం కిందికి వచ్చాయి. తరువాతి శతాబ్దాలలో కరీబియన్ దీవులు, ఆఫ్రికా తీరంలో కోటలు, కోరమాండల్ తీరాన ఒక పట్టణం, బెంగాల్లో మరొకటి ఆ రాజుల అధీనంలో ఉండేవి. గ్రీన్‌లాండ్, ఫారో దీవులను మినహాయిస్తే నేటి డెన్మార్క్ విస్తీర్ణం సుమారు 43,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం కన్నా తక్కువ. ఇంత పోగొట్టుకున్న రాజ్యం ఆ నష్టాలను ఎలా భరించింది, వేటిని గుర్తుంచుకుంది, వేటిని మరిచింది అన్న ప్రశ్నను వెంటబెట్టుకుని వెళితే, వారం పదిరోజుల యాత్ర వేరొక దేశాన్ని చూపిస్తుంది.

పేరు పుట్టిన చోటు

ఈ యాత్ర మొదలవవలసింది రాజధానిలో కాదు, జట్లాండ్ ద్వీపకల్పంలోని యెల్లింగ్ అనే చిన్న ఊరిలో. అక్కడ రెండు పెద్ద మట్టిదిబ్బల నడుమ ఒక తెల్లని చర్చి, దాని ముందు రెండు శాసనశిలలు ఉన్నాయి. చిన్న శిలను గోర్మ్ అనే రాజు తన భార్య త్యూరా జ్ఞాపకార్థం నిలిపాడు. డెన్మార్క్ అన్న పేరు ఆ దేశపు గడ్డ మీద మొట్టమొదట కనిపించేది ఆ రాతి మీదనే. పెద్ద శిలను వారి కుమారుడు హరాల్డ్ సుమారు 965 ప్రాంతంలో నిలిపాడు. తల్లిదండ్రుల స్మృతితోబాటు, డెన్మార్క్ అంతటినీ నార్వేనూ గెలిచిన ఘనతనూ, డేనులను క్రైస్తవులను చేసిన ఘనతనూ అతడు అందులో తనకే చెప్పుకున్నాడు. రాతికి ఒక ముఖాన క్రీస్తు రూపం చెక్కి ఉంది.

ఈ హరాల్డ్‌కు 'నీలిదంతుడు' అని బిరుదు. విడివిడిగా ఉన్న తెగలను కలిపినవాడన్న ఖ్యాతిని బట్టి, పరికరాలను తీగలు లేకుండా కలిపే సాంకేతికతకు బ్లూటూత్ అని అతడి పేరే పెట్టారు. చేతిఫోనులో కనిపించే గుర్తు, అతడి పేరులోని రెండు రూనిక్ అక్షరాల కలయిక. శాసనాలను చదివి చరిత్ర కట్టుకున్న తెలుగువారికి, పేరుకూ మతానికీ అధికారానికీ ఒకే రాయి సాక్ష్యం పలకడం కొత్త సంగతి కాదు. 1994లో యునెస్కో ఈ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2011 నుంచి శిలలు గాజు కప్పుల లోపల ఉన్నాయి.

సుంకాల కోట

కోపెన్‌హాగెన్‌కు పడమరగా అరగంట రైలు దూరంలోని రోస్కిల్డెలో దాదాపు నలభై మంది రాజుల, రాణుల సమాధులున్న ఇటుక చర్చి ఉంది. సమీపంలోని ఓడల మ్యూజియంలో, 11వ శతాబ్దంలో శత్రువు రాకుండా జలమార్గాన్ని మూసేందుకు కావాలని ముంచిన 5 వైకింగ్ ఓడల అవశేషాలున్నాయి. 1962లో వాటిని వెలికితీశారు. కలప వలయాలను పరీక్షించినప్పుడు, వాటిలో అతి పొడవైన యుద్ధనౌక 1042 ప్రాంతంలో డబ్లిన్ దగ్గర కట్టినదని తేలింది. వైకింగుల ప్రపంచం ఎంత విశాలమో చెప్పడానికి ఆ ఒక్క దుంగ చాలు.

అక్కడినుంచి దృష్టి ఉత్తరాన హెల్సింగోర్ వైపు మళ్ళాలి. అక్కడి క్రోన్‌బోర్గ్ కోటను సందర్శకులు షేక్స్పియర్ హామ్లెట్ కథాస్థలంగా చూస్తారు. ఆ కోట అసలు పని మాత్రం నాటకీయమైనది కాదు. అది వసూళ్ళ కేంద్రం. డెన్మార్క్‌కూ స్వీడన్‌కూ నడుమ జలసంధి అక్కడ 4 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే. బాల్టిక్ సముద్రంలోకి పోయే, వచ్చే ఓడలు లంగరు వేసి డెన్మార్క్ రాజుకు సుంకం చెల్లించాలని 1420లలో నియమం పుట్టింది. తొలుత ఓడకింత అని ఉండేది. 1567 నుంచి సరుకు విలువను బట్టి వసూలు మొదలైంది. విలువను తగ్గించి చెప్పకుండా ఉండేందుకు ఒక చమత్కారమైన ఏర్పాటు ఉండేది. నావికుడు చెప్పిన ధరకే ఆ సరుకును కొనే హక్కు రాజుది. తక్కువ చెబితే సరుకు పోతుంది, ఎక్కువ చెబితే సుంకం పెరుగుతుంది. ఆ ఆదాయంతోనే రెండవ ఫ్రెడరిక్ 1574-85 మధ్య ఈ కోటను నేటి రూపానికి తెచ్చాడు. దాదాపు 18 లక్షల ఓడ ప్రయాణాల వివరాలున్న ఆ సుంకపు చిట్టాలు నేటికీ కోపెన్‌హాగెన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి.

1658లో స్వీడన్ రాజు పదవ చార్లెస్ గడ్డకట్టిన సముద్రం మీదుగా సైన్యాన్ని నడిపించి డెన్మార్క్‌ను లొంగదీశాడు. రోస్కిల్డెలో కుదిరిన సంధితో, జలసంధికి తూర్పున ఉన్న స్కోనె ప్రాంతం స్వీడన్ పరమైంది. క్రోన్‌బోర్గ్ బురుజుల మీద నిలబడితే ఎదురుగా కనిపించే ఒడ్డు అదే. సుంకం మాత్రం 1857 దాకా సాగింది. అమెరికా ఇక చెల్లించేది లేదని తెగేసి చెప్పిన తరువాత, వ్యాపార దేశాలన్నీ ఒకేసారి కొంత మొత్తం ముట్టజెప్పి దానిని రద్దు చేయించాయి.

తంజావూరు నుంచి వెళ్ళిన బంగారు లేఖ

ఆ అభిలేఖాగారంలోనే తెలుగు పాఠకుడికి దగ్గరి వస్తువు ఒకటి ఉంది. బంగారు రేకు మీద తమిళంలో రాసిన లేఖ అది. పంపినవాడు తంజావూరు రఘునాథ నాయకుడు, అందుకున్నవాడు డెన్మార్క్ రాజు నాలుగవ క్రిస్టియన్.

సిలోనులో వ్యాపారం ఆశించి 1618లో బయలుదేరిన డెన్మార్క్ నౌకాదళం అక్కడ భంగపడి, 1620లో తంజావూరు చేరింది. అంతకుముందే ఓడ పోగొట్టుకుని రఘునాథుడి కొలువు చేరిన రోలండ్ క్రాపే అనే వర్తకుడు అందుకు దారి వేసి ఉంచాడు. నవంబరులో ఒడంబడిక కుదిరింది. తరంగంబాడిలో కోట కట్టుకునే అనుమతి డేనులకు లభించింది. డాన్స్‌బోర్గ్ అనే ఆ కోట నేటికీ సముద్రపుటొడ్డున నిలిచి ఉంది.

డెన్మార్క్ కాగితాలలో రఘునాథుడు తీరప్రాంతపు ఒక పాలకుడు, మిరియాల వ్యాపారానికి అనుమతినిచ్చినవాడు. తెలుగు సాహిత్య చరిత్రలో అతడు వాల్మీకి చరిత్ర కర్త, చేమకూర వేంకటకవి విజయవిలాసానికి కృతిభర్త, రామభద్రాంబ వంటి విదుషులను ఆదరించిన రసికుడు. ఒకే మనిషికి సంబంధించిన ఈ రెండు జ్ఞాపకాలూ నాలుగు వందల ఏళ్ళుగా ఒకదానినొకటి పలకరించుకోలేదు. తెలుగు కావ్యాలు చదివినవారికి బంగారు లేఖ సంగతి తెలియదు. లేఖను భద్రపరిచినవారికి కావ్యాల సంగతి పట్టదు.

సంబంధం అక్కడితో ఆగలేదు. 17వ శతాబ్దంలో డెన్మార్క్ కంపెనీ మచిలీపట్నంలోనూ వర్తకస్థానం నడిపింది. కంపెనీ అంత బలమైనది కాదు. ఒక దశలో దాదాపు మూడు దశాబ్దాలు స్వదేశం నుంచి తరంగంబాడికి ఒక్క ఓడా రాలేదు. 1706లో డెన్మార్క్ రాజు పంపిన జర్మన్ మిషనరీలు అక్కడ దిగారు. ఆ మిషనుకే 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చాడు. తిరిగివెళ్ళాక జర్మనీలోని హాలె నగరంలో 1746-47లలో అతడు అచ్చువేయించినవే తొలి తెలుగు ముద్రిత గ్రంథాలు. ఈస్టిండియా కంపెనీ మిషనరీలను రానివ్వని రోజుల్లో విలియం కేరీ బృందానికి ఆశ్రయమిచ్చిన శ్రీరాంపూర్ కూడా డెన్మార్క్ పట్టణమే. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే వెలువడింది. 1845లో తరంగంబాడినీ శ్రీరాంపూర్‌నూ డెన్మార్క్ పన్నెండున్నర లక్షల రూపాయలకు బ్రిటిష్‌వారికి అమ్మివేసింది.

చెప్పని కథ

కోపెన్‌హాగెన్‌లో 18వ శతాబ్దపు అందమైన భవనాలను చూసేటప్పుడు, వాటిని నిలబెట్టిన సొమ్ములో చక్కెర వాటాను విస్మరించరాదు. కరీబియన్‌లోని సెంట్ థామస్, సెంట్ జాన్, సెంట్ క్రోయ్ దీవుల తోటలకు డెన్మార్క్ ఓడలు లక్షకు పైగా ఆఫ్రికన్లను బానిసలుగా తరలించాయి. బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ 1792లోనే శాసనం చేశారన్నది డేనులు తరచు చెప్పుకునే మాట. అయితే అది అమలైంది 1803లో. ఆ పదేళ్ళ గడువు తోటలను కొత్త బానిసలతో నింపుకోవడానికే ఇచ్చారు. బానిసత్వం ముగిసింది 1848లో, బానిసల తిరుగుబాటు తరువాత. 1917లో ఆ దీవులను అమెరికాకు 2.5 కోట్ల డాలర్లకు అమ్మారు. చక్కెర, రమ్ము నిలవచేసిన పాత గిడ్డంగి ముందు, 1878 నాటి కూలీల తిరుగుబాటు నాయకురాలు మేరీ థామస్ స్మృతిలో ఇద్దరు కళాకారిణులు 2018లో ఒక విగ్రహాన్ని నెలకొల్పారు. జ్ఞాపకానికి రావడానికి నూరేళ్ళు పట్టింది.

పోయినదానికి బదులు

1807లో బ్రిటన్ కోపెన్‌హాగెన్ మీద బాంబులు కురిపించి నౌకాదళాన్ని పట్టుకుపోయింది. 1813లో ఖజానా దివాలా తీసింది. 1814లో నార్వే చేజారింది. అన్నిటికన్నా లోతుగా తగిలిన దెబ్బ 1864. ఏప్రిల్ 18న దక్షిణ జట్లాండ్‌లోని డ్యుబ్బోల్ మిట్టపై ప్రష్యా సైన్యం కొద్ది గంటల్లో గెలిచింది. ష్లెస్విగ్, హోల్‌స్టైన్, లౌవెన్‌బర్గ్ ప్రాంతాలతోబాటు దేశంలో సుమారు ఐదింట రెండు వంతులు పోయాయి. నేడు అక్కడ ఒక తెల్లని గాలిమర, కందకాల ఆనవాళ్ళు, మ్యూజియం ఉన్నాయి. వైద్యచరిత్రలోనూ ఆ చోటుకు స్థానముంది. అప్పుడే పుట్టిన రెడ్‌క్రాస్ సంస్థ ప్రతినిధులు, ఇరుపక్షాలకు ఒక్కొక్కరు చొప్పున, మొదటిసారి యుద్ధభూమికి వెళ్ళింది ఈ యుద్ధంలోనే.

ఆ తరువాతి తరం పోయిన భూమికి బదులు ఉన్న భూమిని సాగులోకి తెచ్చింది. జట్లాండ్ బీళ్ళలో చెట్లు నాటారు. గ్రున్‌ట్‌విగ్ ఆలోచనల నుంచి 1844లో మొదలైన జానపద ఉన్నత పాఠశాలలు పల్లెపల్లెకూ పాకాయి. పరీక్షలు లేని ఆ బడులలో రైతుబిడ్డలు చరిత్ర, సాహిత్యం, చర్చ నేర్చారు. అమెరికా ధాన్యం వచ్చిపడి ధరలు కూలినప్పుడు రైతులు వెన్నకూ పందిమాంసానికీ మళ్ళారు. 1882లో హెడ్డింగ్ గ్రామంలో తొలి సహకార పాలకేంద్రం వెలసింది. ఆవులు ఎన్ని ఉన్నా సభ్యుడికి ఓటు ఒకటే. అగ్నికి ఆహుతైన ఫ్రెడరిక్స్‌బోర్గ్ రాజప్రాసాదాన్ని జాతీయ చరిత్ర మ్యూజియంగా తీర్చిదిద్దడానికి 1878లో పూనుకున్నది రాజు కాదు, కార్ల్స్‌బెర్గ్ బీరు తయారీదారు జాకబ్‌సన్.

1918లో జర్మనీ ఓడినప్పుడు, పోయిన భూమినంతా తిరిగి పుచ్చుకోవాలన్న వాదం బలంగా వినిపించింది. డెన్మార్క్ ప్రజాభిప్రాయ సేకరణకు కట్టుబడింది. 1920లో ఉత్తర ష్లెస్విగ్ తిరిగివచ్చింది. జర్మనీని కోరుకున్న ఫ్లెన్స్‌బర్గ్ జర్మనీలోనే ఉండిపోయింది. ఓడి నేర్చుకున్న పాఠం గెలిచే అవకాశం వచ్చినప్పుడు పనికివచ్చింది.

ఎదుటి ఒడ్డు

యాత్రలో చివరి మజిలీ హెల్సింగోర్‌కు వాయవ్యంగా ఉన్న గిల్లెలైయె అనే జాలరిపల్లె. జర్మన్ ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో 1943 అక్టోబరులో యూదులను పట్టుకుపోవాలని నాజీలు నిశ్చయించారు. ముందుగా అందిన హెచ్చరికతో వారు ఇళ్ళు వదిలారు. కోపెన్‌హాగెన్‌లోని బిస్పెబియర్గ్ ఆసుపత్రిలో వైద్యులు, నర్సులు వందలమందిని దాచి తీరానికి చేర్చారు. చేపల పడవలలో 7,000 మందికి పైగా జలసంధి దాటారు. అందరూ ఉదారులే అనడానికి లేదు. తొలిరోజుల్లో పడవవారు పెద్ద మొత్తాలు అడిగారు. గిల్లెలైయె చర్చి అటకపై దాగిన సుమారు 80 మంది దొరికిపోయారు. మొత్తం 470 మంది దాకా నిర్బంధ శిబిరానికి తరలింపబడ్డారు.

పడవలు చేరిన ఒడ్డు స్కోనె. 1658లో పోయిందని తరతరాలు దుఃఖించిన నేల అది. 1943లో అది డెన్మార్క్ చేతిలోనే ఉండి ఉంటే, దాని మీదా జర్మన్ జెండాయే ఎగిరేది. పరాయిదై, తటస్థ స్వీడన్‌లో భాగమై ఉన్నందువల్లనే ఆ ఒడ్డు శరణ్యమయింది.

ప్రయాణానికి

కాలక్రమాన్ని తు.చ. తప్పక పాటించడం ప్రయాణంలో సాధ్యం కాదు. జట్లాండ్‌లోని బిల్లుండ్ విమానాశ్రయంలో దిగితే యెల్లింగ్ దగ్గర. రెండవ రోజు దక్షిణాన డ్యుబ్బోల్ చూడవచ్చు. పేరు పుట్టిన చోటూ, ఓటమి జరిగిన చోటూ ఆ విధంగా మొదటే ఎదురవుతాయి. మూడవ రోజు రైలులో సముద్రం దాటి రోస్కిల్డె చేరి, తక్కిన రోజులకు కోపెన్‌హాగెన్‌ను మకాంగా చేసుకోవచ్చు. హెల్సింగోర్ అక్కడికి ముప్పావుగంట. రాజధానిలో నాలుగవ క్రిస్టియన్ కట్టించిన గుండ్రని గోపురం, రోసెన్‌బోర్గ్ సౌధం, యూదు మ్యూజియం, ఆండర్సన్ సమాధి ఉన్న అసిస్టెన్స్ శ్మశానం తప్పనిసరి. శీతకాలపు పగలు మరీ చిన్నది కనుక మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. సోమవారాలు మ్యూజియంలు తెరిచి ఉంటాయో లేదో ముందే చూసుకోవాలి.

వీలైతే ఒక మధ్యాహ్నం హెల్సింగోర్ నుంచి స్వీడన్‌కు పోయే పడవ ఎక్కాలి. ప్రయాణం ఇరవై నిమిషాలు. ఇప్పుడు సుంకం లేదు.