చేయి చాపుమన్న ప్రభువు
(రొమ్ము కేన్సరు ఆపరేషన్ పిమ్మట చేతికి చేయు వైద్యము – కొంత చరిత్ర)

మన డయాసిస్ నూరేండ్ల చరిత్ర వ్రాయువారు దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను, వాటిని స్థాపించిన దొరలను, దొరసానులను గూర్చి వ్రాయుదురు. అది యుక్తమే. నేనైతే ఈ సంచికకు మరియొక చరిత్రను వ్రాయ దలచితిని. అది మన స్త్రీల చేతి చరిత్ర.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను చీరాల ప్రాంతమున పరిచర్య చేయుచుండగా, ఏ ఆదివారమును మానని ఒక సహోదరి నాలుగు మాసములు ఆరాధనలో కనబడలేదు. ఆమె ఇంటి మగ్గమునకు కండెలు చుట్టి అందించు మనిషి. రొమ్ములో కేన్సరు గడ్డకు ఆపరేషన్ జరిగినదనియు, క్షేమముగా ఇల్లు చేరినదనియు విని సంఘములో కృతజ్ఞతా ప్రార్థన చేసితిమి. అటు తరువాత ఆమె రాకపోగా, విశ్వాసము చల్లారినదేమో అనుకొంటిని. ఒక సాయంకాలము నా భార్యతో కలసి వారింటికి పోయితిని. నాతో ఆమె ఏమియు చెప్పలేదు. నా భార్యను లోపలికి పిలిచి చెప్పినది: "అమ్మగారూ, రవిక చేతిలో చెయ్యి దూరట్లేదండి. జడేసుకుందామంటే పైకి లేవట్లేదు. ఇట్టా గుడికి ఎట్టా రానండి?"

ఆసుపత్రివారిచ్చిన వ్యాయామముల కాగితము దిండు క్రిందనే ఉండెను. అది ఇంగ్లీషులో ఉన్నది. దానిని ఆమెకు చదివి చెప్పినవారు లేరు. ఆమె విశ్వాసము చల్లారలేదు, భుజము బిగుసుకొనిపోయినది. అది తెలిసికొనకుండ ఆమెను గూర్చి తప్పుగా తలంచినది నేనే. నాటినుండి ఈ సంగతిని గూర్చి చదువుట, వైద్యులను అడిగి తెలిసికొనుట మొదలుపెట్టితిని.

స్త్రీలు తమ దేహబాధను పురుష వైద్యునితో చెప్పుకొనలేని కాలమున, 1883లో డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు గుంటూరు వచ్చిరి. 1898లో అచ్చట స్త్రీల కొరకు ఆసుపత్రి తెరచిరి. చీరాలలో డాక్టరు మేరీ బేరమ్మగారు స్త్రీలకు, పిల్లలకు వైద్యము చేసిరి. లోపలి గదిలో మెల్లగా చెప్పిన మాటను వినుటకు ఒక స్త్రీ ఉండవలెనని మన మిషనులు ఆనాడే గ్రహించినవి.

అదే కాలమున, 1894లో, అమెరికాలో డాక్టరు హాల్‌స్టెడ్ రొమ్ము కేన్సరుకు తాను చేయుచున్న పెద్ద శస్త్రచికిత్సను గూర్చి ప్రకటించెను. రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను కలిపి తీసివేయుట ఆ పద్ధతి. వ్యాధి అదే చోట తిరిగి పుట్టుట దానివలన బాగుగా తగ్గినది. గనుక ఇంచుమించు డెబ్బది యేండ్లు లోకమంతట దానినే అనుసరించిరి. ఆ 1894లోనే లండనులో నలుగురు నర్సులు కలసి, మర్దన చికిత్సను క్రమముగా నేర్చినవారి సంఘమును స్థాపించిరి. నేటి ఫిజియోథెరపీ వృత్తికి మూలములలో అది యొకటి. ఒక చోట ప్రాణము దక్కించు కత్తి, మరియొక చోట అవయవమును కదిలించు చేయి. ఈ రెండును రోగి మంచము ప్రక్కన కలిసికొనుటకు చాల కాలము పట్టినది.

చంకలోని గ్రంథులు తీసినప్పుడు చేతిలోని నీటివంటి రసము పైకి పోవు త్రోవలు తెగును. కొందరికి చేయి వాచును. 1921లో, అనగా మన చీరాల, పేరాల ప్రజలు పురపాలక పన్నులకు లోబడక ఊరు విడిచిన సంవత్సరమున, హాల్‌స్టెడ్ ఈ వాపును గూర్చి వ్రాయుచు, దానిని శస్త్రచికిత్స వలన కలిగిన బోద అను అర్థమిచ్చు పేరుతో పిలిచెను. బోదకాలు ఎరిగిన మన కోస్తావారికి ఆ పోలిక వివరింప నక్కరలేదు. అయితే బోదకాలు దోమకాటు వలన చేరు పురుగుతో వచ్చునది, ఇది అట్టిది కాదు. ఇది అంటువ్యాధియు కాదు, శాపమును కాదు.

వాపు రానివారికి సయితము భుజము బిగుసుకొనవచ్చును. గాయము మానుచు చర్మమును, కండను లాగిపట్టును. చంకనుండి మోచేతి వరకు దారములవంటి నరములు తేలి లాగినట్లుండవచ్చును. కరెంటు వైద్యము, అనగా రేడియేషన్, పొందినవారికి ఆ బిగువు తరువాతి మాసములలో గూడ రావచ్చును. నొప్పికి భయపడి చేయి కదపకుండుటచే బాధ రెట్టింపగును.

ఈ మరచిన చేతిని లోకమునకు జ్ఞాపకము చేసినది ఒక రోగియే. 1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అను స్త్రీకి ఈ ఆపరేషన్ జరిగినది. చేయి ఎట్లు పైకెత్తవలెను, బట్టలు ఎట్లు తొడుగుకొనవలెను అన్న ప్రశ్నలకు ఆమెకు జవాబు దొరకలేదు. ఆమె పట్టుదలతో వ్యాయామము చేసి చేతి బలము తిరిగి పొందెను. తరువాత రబ్బరు బంతి, త్రాడు తీసికొని ఇతర రోగుల మంచముల యొద్దకు పోయెను. కొందరు వైద్యులు ఆక్షేపించినను మానలేదు. 1969లో అమెరికన్ కేన్సర్ సొసైటీ ఆమె కార్యక్రమమును తనదిగా చేసికొనెను.

మన దక్షిణ భారతములోను ఈ పాఠము వేరొక వ్యాధి ద్వారా నేర్పబడినది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠువలన ముడుచుకొనిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసెను. కాని ఆ వ్రేళ్లు పనికివచ్చుటకు ముందును వెనుకను వారముల తరబడి వ్యాయామము కావలసి వచ్చెను. బాపట్లలో రక్షణ సైన్యమువారి కుష్ఠు ఆసుపత్రిని ఎరిగిన మన పెద్దలకు ఈ సంగతి క్రొత్తది కాదు. సర్జను పని సగము, కదిలించుట మిగిలిన సగము.

నేడు శస్త్రచికిత్స చాలవరకు చిన్నదైనది. 1948లో ఇంగ్లండులో డాక్టరు పేటీ పెద్ద ఛాతీ కండరమును విడిచిపెట్టు పద్ధతిని ప్రకటించెను. 1990ల దశకమున, మొదటి ఒకటి రెండు గ్రంథులను మాత్రమే తీసి పరీక్షించు పద్ధతి వచ్చినది. అయితే గడ్డను దాచిపెట్టి ఆలస్యముగా వచ్చువారికి నేటికిని చంకలో పెద్ద ఆపరేషనే అవసరమగుచున్నది. సిగ్గుచే చేసిన ఆలస్యమునకు చేయి వెల చెల్లించుచున్నది.

పూర్వము చేయి వాచినవారిని ఏ బరువును ఎత్తవద్దనిరి. 2009లో అమెరికాలో 141 మంది స్త్రీలతో జరిగిన పరిశోధనలో, శిక్షకుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా బరువులు పెంచుచు వ్యాయామము చేసినందున వాపు హెచ్చలేదని తేలినది. 2021లో ఇంగ్లండునుండి వెలువడిన మరియొక పరిశోధనలో 392 మంది పాల్గొనిరి. ఆపరేషన్ జరిగిన వారము పది దినములకే ఫిజియోథెరపిస్టు సాయముతో వ్యాయామము మొదలుపెట్టినవారి చేతులు, సంవత్సరము తరువాత మేలుగా పనిచేసినవి.

పద్ధతి కష్టమైనది కాదు. మొదటి దినములలో పిడికిలి మూసి తెరచుట, మోచేయి వంచి చాచుట, నిండుగా ఊపిరి పీల్చుట. గొట్టము తీయువరకు సాధారణముగా చేతిని భుజము ఎత్తుకు మించి లేపనీయరు. వైద్యుడు సెలవిచ్చిన పిమ్మట గోడకు ఎదురుగా నిలిచి వ్రేళ్లను చీమ నడకవలె పైకి నడిపించుట, వెల్లకిల పండుకొని రెండు చేతులతో కర్ర పట్టి తలమీదికి ఎత్తుట. కొంచెము లాగినట్లుండవలెను గాని పోటు పుట్టకూడదు. చేయి వాచినయెడల నూనె రాచి బలముగా పిసుకరాదు. దానికి తగిన కట్లును, బిగుతు తొడుగును, మెత్తని మర్దనయు నేర్చినవారు చేయవలెను. చేయి ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము వచ్చినయెడల ఆ దినముననే వైద్యుని చూడవలెను.

చీరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతములనుండి మన స్త్రీలు గుంటూరుకో విజయవాడకో హైదరాబాదుకో పోయి ఆపరేషన్ చేయించుకొని వత్తురు. సర్జను అచ్చటనే ఉండును, భుజము మాత్రము ఇంటికి వచ్చును. గనుక ఆ మిగిలిన సగము పని ఇంటిలోను సంఘములోను జరుగవలెను. పూర్వము బైబిలు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి చదువురాని తల్లులకు వాక్యము చదివి వినిపించిరి. నేటి స్త్రీల మైత్రి సభ్యురాండ్రు ఆ ఇంగ్లీషు కాగితమును తెలుగులో చదివి వినిపింపలేరా? దినమునకు పది నిమిషములు ప్రక్కన నిలిచి, గోడమీద వ్రేళ్లు నిన్నటికంటె ఎంత పైకి పోయినవో గీత గీయలేరా? ఆ ఇంటి భర్తలారా, కుమారులారా, బిందె మీరు ఎత్తుడి. వ్యాయామమును మాత్రము ఆమెనే చేయనీయుడి.

నేను చెప్పిన సహోదరి ఆ తరువాత ఒక ఫిజియోథెరపిస్టు యొద్దకు పోయి, ఇంటిలో సాధన చేసి, కొన్ని మాసములకు తన జడ తానే వేసికొని గుడికి వచ్చినది. చేయి పూర్తిగా మునుపటివలె కాలేదు. అయినను ఆశీర్వాద వేళ ఆమె చెవుల ఎత్తువరకు చేతులెత్తగా చూచితిని. నేను ఆ దినమున ఆశీర్వాదము పలుకుట కొంచెము తడబడినది.

ఊచచేయి గల మనుష్యుని ప్రభువు సమాజమందిరములో అందరి నడుమ నిలువబెట్టెను. అది అతని కుడిచేయి అని వైద్యుడైన లూకా మరువక వ్రాసెను. ప్రభువు అతనిని చేయి చాపుమనెను. అతడు చాపగా బాగుపడెను. మన మధ్య చేయి లేవక ఇంటనే కూర్చున్న సహోదరీలను మనమును పేరుపెట్టి పిలిచి, వారి ప్రక్కన నిలుచుటకు ఈ రెండవ శతాబ్ది ఆరంభమున దేవుడు మనకు మనస్సునిచ్చును గాక. ఆమేన్.