ఊరి పన్ను, రాత్రి నాటకం

మదురై నుంచి తిరునెల్వేలికి పోయే దారిలో తిరుమంగలం దాటాక విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. తమిళులు ‘కరిసల్’ అని పిలిచే నల్లరేగడి నేల ఇది. వానను నమ్ముకొని పత్తి, సజ్జ, జొన్న పండించుకున్న ఈ మెట్ట సీమలో, తంజావూరు ప్రాంతంలో మాదిరి విస్తారమైన మాన్యాలున్న ఆలయాలు గాని, వాటి నీడన తరాల తరబడి బతికిన కళాకారుల కుటుంబాలు గాని అంతగా ఏర్పడలేదు. అందువల్ల ఆటకూ పాటకూ ఇక్కడ ఎవరు, ఏ రూపంలో, ఏ బాధ్యతతో ఖర్చు పెట్టారన్నది కళాచరిత్రలో ముందుగా అడగవలసిన ప్రశ్న అవుతుంది. ప్రదర్శకుడు నోరు విప్పి ఏం చెప్పగలిగాడన్నది చాలావరకు దాని మీదే ఆధారపడింది.

పోషణ కొరవడిన ఈ స్థితికి మినహాయింపు కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురం సంస్థానం. ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూశారు. ఆ వంశానికే చెందిన సుబ్బరామ దీక్షితులు తెలుగులో రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఆ సంస్థానం అండతో ఆ ఊళ్లోనే అచ్చయింది. కర్ణాటక సంగీతానికి ఆకరంగా నిలిచిన తెలుగు గ్రంథం ఒకటి తమిళనాడు దక్షిణపు కొసన, పత్తి చేల మధ్య అచ్చయిందన్న సంగతి తెలుగువారికి అంతగా గుర్తున్నట్టు లేదు. అయితే పోషకుడు ఒక్కడే అయిన చోట కళాకారుడికి దొరికే అభయం ఎంత గట్టిదో దాని హద్దు కూడా అంత గట్టిదే. అదే ఊళ్లో 1882లో పుట్టిన సుబ్రహ్మణ్య భారతి ఆస్థానంలో కొద్దికాలం కొలువు చేసినా, దాన్ని వదిలి 1904లో మద్రాసు చేరి పత్రికలో కుదురుకున్న తర్వాతే ఆయన కలం రాజకీయం వైపు మళ్లింది.

ఎట్టయపురం ఏలికలది, 1799 అక్టోబరులో కయత్తారు వద్ద కంపెనీ సైన్యం ఉరితీసిన పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనిది ఒకే కులం. తొట్టియ నాయకులనీ, రాజకంబళం నాయకులనీ పిలిచే వీరి ఇంటి భాష తెలుగు, ఇలవేల్పు జక్కమ్మ. కుల సభలో పరిచే కంబళి వల్లనే ఈ పేరు వచ్చిందని దక్షిణ భారత కులాల వివరాలు సేకరించిన థర్స్టన్ 1909లో వెలువడిన తన సంపుటాలలో నమోదు చేశాడు. పాలెగాళ్లు పోగా మిగిలినవారు సేద్యంతోను, పశువులతోను బతికిన సామాన్యులు. వారి ఆట దేవరాట్టం. మగవారు వరుస కట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి, చేతిలో రుమాలు పట్టి, నడుము సన్నగా ఉండే దేవదుందుభి అనే వాద్యం లయకు అడుగులు మార్చుకుంటూ ఆడే ఈ నృత్యంలో పాట ఉండదు. పెళ్లికీ కొలువుకూ ఆడడం కులస్థులకు విధి, ఆడించుకోవడం హక్కు. అంటే ఇది కూలి కుదుర్చుకునే పనిగా గాక బంధుత్వంలో తీర్చుకునే బాకీగా నడిచింది. కోవిల్‌పట్టి ప్రాంతానికి చేరువలోని జమీన్ కొడంగిపట్టి ఆటగాళ్ల ద్వారా ఇది తర్వాతి కాలంలో ప్రభుత్వ వేదికలకూ పాఠశాలలకూ చేరింది. బాకీగా ఆడే ఆటను ఆపే అధికారం ఎవరికీ లేదు, కాని మాట లేని ఆటలో ఎదిరింపు చెప్పే చోటు కూడా లేదు.

ఆ చోటు మరో వైపు నుంచి వచ్చింది. 1870వ దశకంలో మదురై నుంచి తూత్తుకుడికి రైలు పడ్డాక, పార్సీ నాటక సమాజాల పోకడను అనుకరించిన కంపెనీలు తెరలతో, హార్మోనియంతో ఈ ఊళ్లకు రాసాగాయి. తూత్తుకుడి దగ్గర కాట్టునాయక్కన్‌పట్టిలో 1867లో పుట్టిన శంకరదాస్ స్వామిగళ్ ఈ కంపెనీలకు నాటకాలు రాసి, నటులకు శిక్షణ ఇచ్చి, 1918లో మదురైలో బాలుర నాటక సమాజాన్ని నడిపాడు. ‘వళ్లి తిరుమణం’, ‘పవళక్కొడి’, ‘కోవలన్’, ‘సత్యవాన్ సావిత్రి’ వంటి ఆయన నాటకాల పాటలూ పద్యాలూ కంఠతా వచ్చిన నటులు కంపెనీల నుంచి బయటపడినప్పుడు వారి చేతిలో మిగిలిన ఆస్తి ఆ పాఠమే. ఆయన 1922లో మరణించే నాటికి ఆ ఉమ్మడి పాఠం ఆధారంగా ‘స్పెషల్ నాటకం’ అనే పద్ధతి ఏర్పడి ఉంది.

ఈ పేరులోని ‘స్పెషల్’ అన్న మాట నటుడిని ఆ ఒక్క రాత్రికి విడిగా కుదుర్చుకోవడాన్ని సూచిస్తుంది. ఇందులో కంపెనీ లేదు, యజమాని లేడు, రిహార్సల్ కూడా లేదు. కథానాయకుడైన రాజపార్టు ఒక ఊరి నుంచి, స్త్రీపార్టు మరో ఊరి నుంచి, హాస్యం నడిపే బఫూను ఇంకో ఊరి నుంచి, వాద్యగాళ్లు వేరొక చోటు నుంచి వచ్చి, కొన్నిసార్లు వేదిక మీదనే మొదటిసారి ఎదురుపడి, రాత్రి పది గంటల నుంచి తెల్లవారేదాకా నాటకం ఆడేవారు. తెలుగు పాఠకులకు దీన్ని వివరించడం సులభం: పేరున్న పద్యనటులను తలా ఒక ఊరి నుంచి పిలిపించి ఒకే కురుక్షేత్రంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులను దించిన మన కాంట్రాక్టు నాటకాలకు ఇది దగ్గరి చుట్టం. తేడా ఖర్చు భరించేవారిలో ఉంది. మన కాంట్రాక్టరు చాలా చోట్ల టికెట్టు అమ్మి డబ్బు రాబట్టుకునేవాడు. స్పెషల్ నాటకానికి మాత్రం గుడి తిరునాళ్ల కోసం ఊరు ఇంటింటికీ వేసుకున్న పన్ను, తమిళంలో ‘వరి’, ఆధారమైంది. పన్ను కట్టిన ఇంటివాడూ, పొరుగూరి నుంచి చాప చంకన పెట్టుకొని వచ్చినవాడూ టికెట్టు లేకుండా ఒకే నేల మీద కూర్చునేవారు.

ఇటువంటి ఉమ్మడి పన్ను ఈ సీమకు కొత్త కాదు. 1923 వరకు విరుదుపట్టి అనే పేరున్న విరుదునగర్‌లో నాడార్ వర్తకులు తమ సరుకు మీద ‘మహమై’ అనే స్వచ్ఛంద రుసుమును వేసుకొని, ఆ నిధితో గుడులూ బడులూ ఉత్సవాలూ నడిపారు. ఆ ఊళ్లో వారు స్థాపించిన క్షత్రియ విద్యాశాలకు ఇల్లాళ్లు వంటకు కొలిచే బియ్యం నుంచి రోజూ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. దానికి ‘పిడి అరిసి’ అని పేరు. తర్వాత మద్రాసు ముఖ్యమంత్రి అయిన కామరాజ్ చదివిన బడి అదే. ఇది ఆదర్శ సమాజమని చెప్పడానికి లేదు, ఎందుకంటే మహమై ఒక కులం తన ఎదుగుదల కోసం కట్టుకున్న గోడ కూడా. 1899లో తన మీద జరిగిన శివకాశి అల్లర్లను చూసిన కులానికి ఆ గోడ అవసరమని తోచడంలో వింత లేదు.

నాటకం ఆ గోడను కొంత దాటింది. రకరకాల కులాల నుంచి, మతాల నుంచి వచ్చిన నటులు పరస్పరం అన్నా, అక్కా, మామా అంటూ వరుసలు కలుపుకొనేవారని, ఊరి మర్యాద తమకు నిరాకరించిన గౌరవాన్ని ఆ వరుసల్లో వెతుక్కునేవారని మదురై నటుల మధ్య పరిశోధించిన సుసాన్ సైజర్ 2005లో ప్రచురించిన గ్రంథంలో వివరించింది. అయినా వరుస కలిసినంత తేలికగా కులం కరగలేదని చెప్పడానికి ఈ చరిత్రలోని ముఖ్యుడి జీవితమే సాక్ష్యం.

శివకాశిలో 1886లో పుట్టి తిరుమంగలంలో స్థిరపడిన విశ్వనాథదాస్ క్షౌరమూ నాటువైద్యమూ వృత్తిగా గల మరుత్తువర్ కులానికి చెందినవారు. ఆయన పక్కన నటించడానికి కొందరు నటీమణులు కులం కారణంగా ఒప్పుకోలేదు. ఆయన గొంతుకు మాత్రం జనం విరగబడ్డారు. సహాయ నిరాకరణ కాలం నుంచి పురాణ నాటకాల మధ్య జాతీయ గీతాలు పాడడం ఆయనకు అలవాటైంది. తినై అనే కొర్ర జాతి చేనుకు వళ్లి కాపలా కాస్తూ పిట్టలను తోలే ఘట్టం ‘వళ్లి తిరుమణం’లో ఉంది, చేను మీద వాలిన తెల్లకొంగను తెల్లదొరగా చూపి తోలేసే పాట ఆ సందర్భంలోకి చొరబడి ఆయన పేరుతో ఊరూరా పాకింది. మన గరిమెళ్ల సత్యనారాయణ ఇలాంటి పాట ఒక్కటి రాసినందుకు 1922లో జైలుకు వెళ్లిన సంగతి ఇక్కడ గుర్తుకు రాకమానదు. విశ్వనాథదాస్ 29 సార్లు అరెస్టయ్యారని ప్రతీతి.

పోలీసుల ఇబ్బంది నాటకం కట్టుబడిలోనే ఉంది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం నాటకాన్ని నిషేధించగలదు. కాని ఇక్కడి నాటకం సుబ్రహ్మణ్యస్వామి పెళ్లి కథ, రాతప్రతిలో అభ్యంతరపెట్టడానికి ఏమీ ఉండదు, అభ్యంతరకరమైన పాట అర్ధరాత్రి నటుడి నోటి నుంచి అప్పటికప్పుడు పుడుతుంది. లైసెన్సు పోతుందని భయపడి నటుడి నోరు మూయించే కంపెనీ యజమాని లేడు. నష్టపోయే టికెట్టు పెట్టె లేదు. డబ్బు పెట్టినది ఊరంతా గనుక నేరాన్ని ఎవరో ఒకరి మీద మోపడం కుదరదు. పట్టుకోదగినవాడు పాడినవాడొక్కడే. అతన్ని తీసుకుపోతే అదే పాఠం వచ్చిన మరో రాజపార్టు మరుసటి ఊళ్లో ఆ వేషం కట్టగలడు. స్పెషల్ నాటకం నిలకడ లేని బతుకని, తక్కువ రకం కళ అని పట్నపు విమర్శకులు ఈసడించారు. ఆ నిలకడలేనితనమే దాన్ని అణచివేయడానికి వీల్లేకుండా చేసిందన్నది వారి దృష్టికి రాలేదు.

కొంగ పాట రాసినవారు విళాత్తికుళం ప్రాంతపు నాగలాపురంలో నివసించిన మదురకవి భాస్కరదాస్. దశాబ్దాల తరబడి ఆయన రాసుకున్న డైరీలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. 1931లో హెచ్.ఎం.రెడ్డి తీసిన ‘కాళిదాస్’ టాకీకి పాటలు ఆయనవే. అందులో నాయిక టి.పి.రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో జవాబిచ్చాడు. ఆ తర్వాత నటులూ, పాటలూ, ప్రేక్షకుల డబ్బూ సినిమా వైపు తరలిపోయాయి. 1990వ దశకంలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం ఈ సీమలోని అగ్గిపెట్టెల కార్మికుల ఊళ్లకు కళాజాతాలను తెచ్చినప్పుడు వీధిలో ఉచితంగా ఆడే నాటకం మరో రూపంలో కనిపించింది గాని, దాని ఖర్చు ఊరిది కాదు.

1940 డిసెంబరు 31 రాత్రి మద్రాసు రాయల్ థియేటరులో ‘వళ్లి తిరుమణం’ ఆడుతూ, మురుగన్ వేషంలో నెమలి వాహనం మీద కూర్చుని పాడుతున్న విశ్వనాథదాస్ అక్కడే ఒరిగిపోయారు. తిరుమంగలంలోని ఆయన ఇల్లు ఇప్పుడు ప్రభుత్వ స్మారకం. ఆ దారిలోని ఊళ్లలో తిరునాళ్ల పన్ను వసూలయ్యాక ఎక్కువగా కుదుర్చుకునే నాటకం నేటికీ ‘వళ్లి తిరుమణం’.